క్రియాటినిన్ 1.2 ‘నార్మలే’ అన్నారు, మరి అమ్మ నొప్పి మాత్రలు ఆపాలా?

ప్రశ్న: మాది కంచిలి దగ్గర పల్లెటూరు. నేను పెళ్లయి విజయనగరంలో ఉంటున్నాను. మా అమ్మకి 62 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ జీడిపిక్కల పనికి వెళ్లిన మనిషి. ఐదేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిపోయిందన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర ఇచ్చారు. రెండేళ్లుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది. నొప్పి ఎక్కువైన రోజు డోలో 650 కూడా వేసుకుంటుంది, మరీ లేవలేకపోతే ఇంజెక్షను. గ్యాస్ మాత్ర రోజూ ఉంది. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. షుగర్ లేదు. నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు, ఎకోస్ప్రిన్ వాడుతున్నారు. నడుం నొప్పి వస్తే ఆయనా అమ్మ స్ట్రిప్పులోంచే ఒకటి తీసుకుంటారు. ఈ మాత్రలు కిడ్నీలు పాడుచేస్తాయని మా ఊళ్లో అందరూ అంటున్నారు. ఆపమంటే అమ్మ “బిళ్ల ఏసుకోకపోతే లెగనేనమ్మా” అంటుంది. కిడ్నీకి హాని చేయని నొప్పి మాత్ర ఏదైనా ఉందా? మొన్న రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.2 వచ్చింది. ల్యాబ్ వాళ్లు నార్మలే అన్నారు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో చివర్న, మాటవరసకి రాసినట్టు రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. క్రియాటినిన్ 1.2, నార్మలే అన్నారు అని. ఏ మాత్ర మంచిది, ఆపాలా వద్దా అన్నవాటికి జవాబు అక్కడి నుంచే మొదలవ్వాలి.

ల్యాబ్ కాగితం మీద క్రియాటినిన్ పక్కన 0.6 నుంచి 1.2 అనో, 1.3 అనో హద్దు వేసి ఉంటుంది. చాలా ల్యాబుల్లో ఆ హద్దు అందరికీ ఒకటే. పాతికేళ్ల కుర్రాడికీ అదే, మీ అమ్మగారికీ అదే. కానీ క్రియాటినిన్ కండలోంచి పుట్టే వ్యర్థం, దాన్ని రక్తంలోంచి వడకట్టి బయటికి పంపేది కిడ్నీ. కండ బాగా ఉన్నవాడిలో అది ఎక్కువ తయారవుతుంది, బక్కపలచటి పెద్దావిడలో తక్కువ. అందుకే కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో వయసూ, ఆడా మగా చూసి లెక్కగట్టే ఇంకో అంకె ఉంది, దాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. 1.2 క్రియాటినిన్ ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఆ లెక్క 86 దాకా వస్తుంది. అదే 1.2 ఉన్న 62 ఏళ్ల మహిళకి 51 దగ్గర ఆగుతుంది. 60కి దిగువన ఉంటే కిడ్నీ సామర్థ్యం తగ్గిందనే మేం అనుమానిస్తాం. ఒకే కాగితం, ఒకే అంకె, ఇద్దరు వేరు వేరు మనుషులు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక్క పరీక్షతో ఎవరికీ కిడ్నీ జబ్బు అని ముద్ర వేయకూడదు. మూడు నెలల పాటు అంకె అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. పైగా మీ అమ్మగారి విషయంలో ఈ అంకె పెరగడంలో ఆ మాత్రల వాటా ఎంతో కొంత ఉండవచ్చు. అలా అయితే మాత్ర ఆపాక కొంత వెనక్కి వస్తుంది. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

ఇంకో మాట. మీది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ పేర్లు చెప్తే మన జిల్లాలో ఎవరికైనా కొబ్బరితోటల పక్కనే డయాలసిస్ కూడా గుర్తొస్తుంది. షుగర్ లేకుండా, బీపీ పెద్దగా లేకుండా, ఒంట్లో వాపు కూడా రాకుండా కిడ్నీ కుంచించుకుపోయే జబ్బు అక్కడ పాతికేళ్లుగా చూస్తున్నాం. దానికి కారణం ఇదీ అని తేలలేదు. నొప్పి మాత్రలే కారణమని నేను అనను, అనడానికి ఆధారం లేదు. తోటలో పని చేస్తే నొప్పులొస్తాయి, నొప్పులొస్తే మాత్ర వేసుకుంటారు. అంతమాత్రాన జబ్బుకి మాత్రే మూలమని చెప్పలేం. కానీ ఏ కారణంతోనో ఇప్పటికే నలిగిన కిడ్నీ మీద రోజుకి రెండు మాత్రల బరువు వేస్తే అది తట్టుకోలేదన్నది మాత్రం ఖాయం. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషికి కీళ్ల నొప్పి మాత్ర రాసే ముందు క్రియాటినిన్ చూడకపోవడం నా దృష్టిలో తప్పు. మీ నాన్నగారికీ చేయించండి.

ఈ మాత్రలు కిడ్నీని ఏం చేస్తాయో మన వంశధార కాలువతో చెప్తాను, మీకు బాగా తెలిసిన సంగతే కాబట్టి. ఎండాకాలం కాలువలో నీటిమట్టం తగ్గినప్పుడు లస్కరు ఏం చేస్తాడు? శివారు భూములకి నీరు అందాలని తూము షట్టరు ఇంకాస్త పైకి ఎత్తుతాడు. కిడ్నీలోనూ అలాంటి షట్టరు ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, చెమటలు పట్టినప్పుడు, విరేచనాలు అయినప్పుడు కిడ్నీకి వెళ్లే సన్నటి రక్తనాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. మోకాల్లో వాపునీ నొప్పినీ పుట్టించేవీ అవే, కడుపు లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడేవీ అవే. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నాప్రాక్సెన్ అన్నీ ఈ పదార్థాల తయారీనే ఆపుతాయి. మోకాల్లో ఆపి కిడ్నీలో వదిలేయమంటే ఆ మాత్రకి చేతకాదు. మోకాలి నొప్పి తగ్గుతుంది, కడుపులో పుండు పడుతుంది, కిడ్నీ షట్టరు బిగుసుకుంటుంది. ఈ మూడూ ఒకే పని వల్ల జరిగేవి. ఇదే జాతికి చెందిన ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో కనిపెట్టింది జాన్ వేన్ అనే శాస్త్రవేత్త, అందుకు 1982లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

మీ అమ్మగారి విషయంలో దీనికి ఇంకో రెండు తోడయ్యాయి. బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ చేస్తుంది, అంటే కాలువలోకి వచ్చే నీరే తగ్గుతుంది. టెల్మిసార్టన్ కిడ్నీ నుంచి బయటికి వెళ్లే దారిని వెడల్పు చేస్తుంది. అది మామూలుగా కిడ్నీకి మేలు చేసేదే. కానీ నీరు తక్కువ, లోపలికొచ్చే షట్టరు బిగుసుకుంది, బయటికెళ్లే దారి బార్లా తెరిచి ఉంది అనుకోండి, మధ్యలో వడకట్టే చోట ఒత్తిడి ఏం మిగులుతుంది? ఈ మూడు మందులూ కలిసినప్పుడు కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందని వైద్యులందరూ ఎరిగిందే. పైగా నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది, బీపీ మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. బీపీ అదుపులో లేదని మాత్ర మోతాదు పెంచుతూ పోతాం, అసలు దొంగ నొప్పి మాత్ర అయి ఉంటుంది. రక్తంలో పొటాషియం పెరగడం ఇంకో ప్రమాదం, అది గుండె లయని చెడగొడుతుంది.

కాబట్టి మొదటి మాట: ఎసిక్లోఫెనాక్ ఉన్న మాత్రని ఇవాళే ఆపించండి. దీన్ని ఒక్కసారిగా ఆపితే ఒంటికి ఏ హానీ లేదు. నాలుగైదు రోజులు నొప్పి ఎక్కువ తెలుస్తుంది, ఆ సంగతి అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే రెండో రోజే మళ్లీ మొదలెడతారు. నొప్పుల ఇంజెక్షను కూడా వద్దు. ఇంజెక్షను కడుపులోకి పోదు కాబట్టి మంచిదని చాలామంది అనుకుంటారు. అది రక్తంలో కలిశాక కడుపు పొరనీ కిడ్నీనీ ఒకేలా తాకుతుంది. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. రిపోర్టూ, మందులూ అన్నీ తీసుకుని ఎంబీబీఎస్ పైన చదివిన ఫిజీషియన్‌ని ఈ వారంలోనే కలవండి. క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అన్న పరీక్ష చేయిస్తారు. మాత్ర ఆపిన రెండు మూడు వారాలకి క్రియాటినిన్ మళ్లీ చూడాలి. మూత్రంలో ఆల్బుమిన్ లేదని తేలినా ఊరుకోవద్దు, ఉద్దానం జబ్బులో మొదట్లో అది పెద్దగా పోదు. అంకె తగ్గకపోతే 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీ అమ్మగారికి దగ్గరే. శ్రీకాకుళం రిమ్స్ అయినా సరే.

కిడ్నీకి హాని చేయని నొప్పి మాత్ర ఏదని అడిగారు. ఈ వాపు తగ్గించే మాత్రల జాతిలో అలాంటిది లేదమ్మా. “గ్యాస్ రాని మాత్ర” అని ఎటోరికాక్సిబ్ ఇస్తుంటారు. కడుపు విషయంలో అది కొంత నయమే. కిడ్నీ విషయంలో తేడా లేదు, బీపీని ఇంకా ఎక్కువే పెంచుతుంది. ఆ కుటుంబంలోనిదే రోఫెకాక్సిబ్ అని ఒకటి ఉండేది. గుండెపోట్లు పెరుగుతున్నాయని 2004లో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. డైక్లోఫెనాక్ సంగతి మన పల్లెల్లో పెద్దవాళ్లకి ఇంకోలా తెలియాలి. చిన్నప్పుడు పశువు చస్తే ఊరి బయట రాబందులు వాలేవి, ఇప్పుడు కనపడవు. డైక్లోఫెనాక్ వేసిన పశువు కళేబరం తిని, కిడ్నీలు పాడై అవి చచ్చిపోయాయి. అందుకే 2006లో పశువులకి ఆ మందుని నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ కంటే ఎన్నో రెట్లు గట్టిది, నిజమే. అయినా ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు ఎలాగో అయిపోతుంది.

గ్యాస్ మాత్ర గురించి కూడా. పాంటాప్రజోల్ లాంటివి పొద్దున్నే తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. మీ అమ్మగారు బహుశా టిఫిను అయ్యాక రెండూ కలిపి మింగుతూ ఉంటారు, చాలా ఇళ్లలో అదే చూస్తాను. సరిగ్గా వేసుకున్నా అది కాపాడేది కడుపునే. కిడ్నీకీ గుండెకీ దానితో ఏ రక్షణా లేదు. “గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను కదండీ” అన్న ధీమాతో ఏళ్ల తరబడి నొప్పి మాత్ర మింగినవాళ్లని ఎందరినో చూశాను.

ఇక మీ నాన్నగారు. ఇది ఇంకా తొందర పని. స్టెంట్ ఉన్న మనిషి, ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్) వాడుతున్న మనిషి ఈ నొప్పి మాత్రలు ముట్టకూడదు. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్ కూడా రాస్తారు, అదీ ఉంటే మరీ. ఈ జాతి మాత్రలు గుండెపోటు ముప్పుని కూడా పెంచుతాయి. ఐబూప్రోఫెన్ అయితే ఎకోస్ప్రిన్‌ని దాని పని చేయనివ్వకుండా అడ్డుపడుతుంది కూడా. ఎకోస్ప్రిన్ ఆపమని కాదు, డాక్టరు చెప్పకుండా అది ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. ఆపాల్సింది అమ్మగారి స్ట్రిప్పులోంచి తీసుకోవడం. ఆయన్ని ఒక్కటి అడగండి: విరేచనం ఎప్పుడైనా తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో అయ్యిందా అని. అడగందే మగవాళ్లు ఇలాంటివి చెప్పరు. అలా అయ్యిందంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కాఫీ పొడి కలిపిన నీళ్లలాంటి వాంతి అయినా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. కడుపులో పుండు ఏ నొప్పీ లేకుండానే రక్తం కారుస్తుంది, నొప్పి తెలియకుండా చేసేదీ ఆ మాత్రే.

మీ ఆర్‌ఎంపీ గారి మీద కోపం పెట్టుకోవద్దు. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చే మనిషి ఆయనే. కానీ రెండేళ్లుగా ఆ మాత్రలు ఎన్ని అయ్యాయో ఆయనా లెక్కపెట్టలేదు, షాపువాడూ లెక్కపెట్టలేదు. రోజుకి రెండు చొప్పున రెండేళ్లకి 1460 మాత్రలు. బీపీ మాత్ర రాసిన డాక్టరుకి ఈ 1460 సంగతి తెలియదు, స్టెంట్ వేసిన డాక్టరుకి నాన్నగారి నడుం నొప్పి తెలియదు. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. మందు చెడ్డది కాదు. ఆ ఇంట్లో ఏ మందు ఎంత వెళ్తోందో మొత్తంగా తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఆ మనిషి మీరే అవ్వాలి, విజయనగరం నుంచైనా.

దీనికి ఒక పని చేయండి. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మగారి కొంగు ముడి, పోపుల డబ్బా వెనక, దిండు కింద, పూజ గూడు అన్నీ వెతికి మాత్రలన్నీ ఒక పళ్లెంలో పోయండి. మొన్నామధ్య వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా బల్ల మీద కొంగు ముడి విప్పింది. ఏడు స్ట్రిప్పు ముక్కలున్నాయి, రెండేసి మాత్రలవీ మూడేసి మాత్రలవీ. కత్తెరతో కోయడం వల్ల ఒక ముక్క మీద ‘ఫెనాక్’ అని చివరి సగమే మిగిలింది, ఇంకోదాని మీద ధర మాత్రమే ఉంది, గడువు తేదీ ఏ ఒక్కదాని మీదా లేదు. ఆవిడకి అవి ఎర్ర బిళ్ల, పొడుగు బిళ్ల, పసుప్పచ్చ బిళ్ల. ఎర్రదీ పసుప్పచ్చదీ మందు ఒకటేనని, కంపెనీ వేరని ఆవిడకి తెలియదు. రెండు చోట్ల రెండు పేర్లతో ఇస్తే రెండూ వేసుకుంది. షాపులో ఎన్ని మాత్రలు కొన్నా సరే, పేరు ఉన్న వైపు ముక్కే అడగండి, లేదా కవరు మీద మందు పేరు రాయించుకోండి. కంపెనీ పేరు కాదు, లోపలి మందు పేరు. జీరోడాల్ పీ, డోలో 650 వేరు వేరు పేర్లు, కానీ పారాసిటమాల్ రెండింటిలోనూ ఉంది. కాంబిఫ్లామ్‌లోనూ ఉంది, దాంట్లో ఐబూప్రోఫెన్ కూడా ఉంది.

ఆ పళ్లెంలో పేరు లేని పొడి పొట్లాలో, లేబులు లేని సీసాలో కనపడితే మాత్రం జాగ్రత్తగా వినండి. సంతల్లో, బస్టాండ్లలో “మూడు రోజుల్లో కీళ్ల నొప్పి మాయం, అంతా ఆకులూ వేళ్లే” అని అమ్మేవాటిలో స్టెరాయిడ్ కలిపి ఇవ్వడం మన దగ్గర కొత్త కాదు. మూడు రోజుల్లో నిజంగానే నొప్పి మాయమవుతుంది, అనుమానించాల్సింది కూడా అందుకే. మొహం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, చర్మం పలచబడి కమిలిపోవడం, లేని షుగర్ కనిపించడం చూస్తే అదేనని అనుకోవాలి. ఎసిక్లోఫెనాక్‌లా దీన్ని మీరే ఒక్కసారిగా ఆపకూడదు. నెలల తరబడి వాడి ఉంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది, హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, మెల్లమెల్లగా తగ్గిస్తారు.

మరి అమ్మగారు లేవాలి కదా, నడవాలి కదా. “బిళ్ల ఏసుకోకపోతే లెగనేను” అన్న మాటని నేను తేలిగ్గా తీసుకోను. అరిగిన మోకాలితో పొద్దున్నే లేవడం ఎంత నరకమో రోజూ వింటున్నాను.

నోట్లో వేసుకునే డైక్లోఫెనాక్ వేరు, పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ వేరు. రాసినప్పుడు రక్తంలోకి వెళ్లేది మాత్రలో నూటికి ఆరు వంతులంత. మోకాలి అరుగుదలకి మొదట వాడాల్సింది ఇదేనని వైద్య మార్గదర్శకాలు కూడా చెప్తాయి. “రాశామండీ, ఏం పని చేయలేదు” అంటారు అందరూ. ఎంత రాశారంటే వేలి కొసకి అంటినంత. ఒక్కో మోకాలికి ఒక్కోసారి రెండు నుంచి నాలుగు గ్రాములు, తక్కువలో తక్కువ రేగిపండంత ముద్ద రాయాలి. రోజుకి మూడు నాలుగుసార్లు, కనీసం రెండు వారాలు. అలా రాస్తే 30 గ్రాముల ట్యూబు రెండు మోకాళ్లకి ఒకటి రెండు రోజులే వస్తుంది, అందుకే పెద్దది కొనండి. రాశాక చేతులు కడుక్కోవాలి, దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, పుండు ఉన్న చోట రాయకూడదు. మీ అమ్మగారి కిడ్నీ అంకె దృష్ట్యా జెల్ ఎన్నాళ్లు వాడాలో డాక్టర్ని అడిగే వాడండి. కాపడం పెట్టుకోవాలనుకుంటే వేరే వేళలో పెట్టుకోవచ్చు, దానితో సుఖంగానే ఉంటుంది.

పారాసిటమాల్ కిడ్నీకి చాలా మెరుగు. కానీ మోకాలి అరుగుదల నొప్పికి దాని బలం కొద్దిపాటిదే, నిజం చెప్పాలి కదా. 500 మిల్లీగ్రాములది అవసరమైనప్పుడు వేసుకోవచ్చు. అమ్మగారు సన్నటి మనిషి అయితే రోజు మొత్తానికి 2 గ్రాములు, అంటే నాలుగు మాత్రలు దాటనివ్వకండి. మామూలు ఒళ్లున్న పెద్దవాళ్లకి 4 గ్రాములు హద్దు అంటారు, నేను 3 దగ్గరే ఆపుతాను. కాలేయ జబ్బు ఉన్నవాళ్లూ మద్యం తాగేవాళ్లూ ఇంకా తగ్గించాలి.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది తొడ ముందు కండ. మోకాలు అరిగినవాళ్లలో ఆ కండ కరిగిపోయి ఉంటుంది, బరువంతా ఎముకల మీదే పడుతుంది. అమ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టండి. ఒక కాలు ముందుకి చాచి, పాదం పైకి వంచి, తొడ బిగించి పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకి రెండు పూటలా. మొదటి వారం చేసిన చోట కాస్త లాగుతుంది, దాన్ని మోకాలి నొప్పి అనుకుని ఆపకూడదు. ఆరు వారాలకి గానీ తేడా తెలియదు. మాత్ర ఆరు గంటల్లో చూపించేది ఇది ఆరు వారాల్లో చూపిస్తుంది, కానీ మర్నాడు మళ్లీ అప్పు తీర్చమనదు. ఒకసారి ఫిజియోథెరపిస్టుకి చూపించి నేర్పించండి.

నేల మీద బాసింపట్టు వేసుకుని గంటల తరబడి పప్పు వలవడం ఆపించాలి. పని మానేయమని నేను చెప్పలేను, ఇంట్లో పరిస్థితి నాకు తెలియదు. బల్ల మీద పప్పు పోసుకుని కుర్చీలో కూర్చుని వలవనివ్వండి. మరుగుదొడ్డిలో కమోడు కుర్చీ పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు. నొప్పి ఏ కాలికి ఎక్కువో దానికి ఎదురు చేతిలో కర్ర పట్టుకోవాలి. అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. బరువు ఎక్కువ ఉంటే తగ్గించమనేవాణ్ణి, కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీ అమ్మగారి సంగతి మీరు రాయలేదు. ఇవన్నీ చేసినా రాత్రుళ్లు నిద్ర పట్టనంత నొప్పి ఉంటే ఎముకల డాక్టరుతో ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు.

నొప్పులన్నీ అరుగుదల కాదు, ఇది కూడా ఒకసారి చూడండి. పొద్దున్న లేచాక గంట దాకా వేళ్లు ముడవలేకపోవడం, రెండు చేతుల చిన్న కీళ్లు వాచడం ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి నొప్పి మాత్ర మంట కనపడకుండా పొగ మూసినట్టే. లోపల కీలు తినేస్తూనే ఉంటుంది, మెథోట్రెక్సేట్ లాంటి అసలు మందు పడాలి. జ్వరంతో కీళ్లు పట్టేస్తే, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేయకూడదు, రక్తస్రావం అవుతుంది.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. కిడ్నీ, గుండె, కడుపు బాగున్నవాళ్లు ఈ మాత్రలకి బెంబేలెత్తాల్సిన పని లేదు. బెణికినప్పుడు, నడుం పట్టేసినప్పుడు నాలుగైదు రోజులు వేసుకుంటే అవి చేసే మేలు నిజమైనదే. ఒకేసారి ఒకే రకం, తిన్నాక, తగ్గగానే ఆపేయాలి. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి ఎసిక్లోఫెనాక్ 200 మిల్లీగ్రాములు, డైక్లోఫెనాక్ 150, నాప్రాక్సెన్ 1000, డాక్టరు చీటీ లేకుండా ఐబూప్రోఫెన్ 1200 దాటకూడదు. 65 దాటినవాళ్లకి అందులో సగంతోనే మొదలెడతాను. పది రోజులు దాటి కావాల్సి వస్తోందంటే డాక్టరు చూడాలి, క్రియాటినిన్ చూడాలి. గర్భిణులు అసలు వద్దు. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ తగిలిన రోజున, ఎండలో చెమటోడ్చి మూత్రం పచ్చగా తక్కువగా వస్తున్న రోజున ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో జీడితోటల్లో పిక్కలు ఏరేవాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి ముందు నీళ్లు తాగుతారో లేదో గానీ బిళ్ల మాత్రం వేసుకుంటారు. కిడ్నీకి అంతకంటే చెడ్డ సమయం లేదు.

అమ్మా, పరీక్షలు మళ్లీ చేయించాక క్రియాటినిన్, పొటాషియం అంకెలు, మాత్ర ఆపాక బీపీ ఎంత ఉందో రాసి పంపండి. నాన్నగారి హిమోగ్లోబిన్ కూడా చూపించి అందులోనే రాయండి.